అప్పా, ఎంత మేర కోసీసేరు?

మొన్న శనివారం జీతాలిచ్చే రోజు. గ్రేడింగులో పనిచేసే ఒకావిడ అందరూ వెళ్లేదాకా నా టేబుల్ పక్కనే నిలబడి, చుట్టూ ఎవరూ లేరని చూసుకుని, "అప్పా, నీకు మచ్చలకి లేజర్ పెట్టేరట కదా, ఎంత మేర కోసీసేరు?" అని అడిగింది. అప్ప అంటే మా వైపు అక్క. నవ్వొచ్చింది గానీ నవ్వలేదు. 2018లో నేనూ ఇదే మాట డాక్టరమ్మని అడిగాను, ఆవిడ కూడా నవ్వకుండానే జవాబు చెప్పింది. ఆ జవాబు ఇక్కడ రాసి పెడదామనిపించింది, నోటితో చెప్తే సగం చెప్పేసరికి ఎవరో ఒకరు వచ్చేస్తారు, ఇది నలుగురిలో చెప్పుకునే చోట్ల వచ్చిన మచ్చ కూడా కాదు.

నేను కాశీబుగ్గలో ఒక జీడి ఫ్యాక్టరీలో లెక్కలు రాస్తాను. అంతకుముందు తొమ్మిదేళ్లు అక్కడే కటింగులో, పీలింగులో పనిచేశాను. పలాస చుట్టుపక్కల వాళ్లకి చెప్పక్కర్లేదు, మిగతావాళ్ల కోసం చెప్తున్నా: జీడిపిక్క పెంకులో ఒక నూనె ఉంటుంది, అది చర్మానికి తగిలితే కాలి బొబ్బ లేస్తుంది, ఆరాక నల్లమచ్చ మిగులుతుంది. చేతులకి బూడిదో నూనో రాసుకుని కూర్చున్నా ఎక్కడో ఒకచోట తగులుతూనే ఉంటుంది. అందుకని మా దగ్గర ఎవరి ఒంటి మీద ఏ మచ్చ కనపడినా "జీడి తగిలింది" అనేసి ఊరుకుంటారు. 2011లోనో 2012లోనో నా ఎడమ తొడ పైన అరచేతిలో సగం ఉండే పాలిపోయిన మచ్చ ఒకటి వచ్చింది. దురద పెద్దగా లేదు. వేలితో నొక్కి చూస్తే ఆ చోట చర్మం ఉల్లిపొరలాగా సన్నగా ముడతలు పడేది. జీడే అనుకున్నాను. తర్వాత నడుం దగ్గర, లంగా బొందు ఒరుసుకునే చోట ఇంకొకటి వచ్చింది, ఇది బొందు వల్ల అనుకున్నాను. ఆ తర్వాత రొమ్ము కింద వచ్చింది, అది చెమటకి. పిరుదు మీద నాలుగోది. ఒక్కో మచ్చకి ఒక్కో కారణం నా దగ్గర రెడీగా ఉండేది. జీడి తొడ మీదకి ఎలా వెళ్తుందని మాత్రం ఆరేళ్లలో ఒక్కసారీ అడుక్కోలేదు.

తర్వాత తెలిసింది, ఈ జబ్బు ఇష్టపడేదే ఎండ తగలని చోట్లని. లంగా, జాకెట్టు కప్పే చోట్లన్నమాట. అంటే ఆడవాళ్లు ఎవరికీ చూపించని చోట్లు. చూపించకపోతే ఏం చేస్తాం, మందుల షాపుకి వెళ్తాం. "తామర మందు ఇవ్వండి" అంటే ఒక ట్యూబు ఇస్తారు, అందులో స్టెరాయిడ్, ఫంగస్ మందు, యాంటీబయాటిక్ అన్నీ కలిపి ఉంటాయి, ఏ జబ్బైనా ఏదో ఒకటి తగలకపోతుందా అని. రాస్తే పది రోజుల్లో మచ్చ పల్చబడేది, మానేస్తే మళ్లీ తేలేది. అలా ఎన్ని ట్యూబులు పిండేశానో నాకే లెక్క లేదు, లెక్కలు రాసేదాన్నయ్యుండీ.

మధ్యలో మా వేలువిడిచిన పిన్ని ఒకావిడ చూసి "ఇది బొల్లే" అని తేల్చేసింది. బావంచాల నూనె రాసి పొద్దుటెండలో కూర్చోమంది. పెరట్లో తడిక కట్టించుకుని కూర్చున్నాను. మూడో రోజుకి తొడ మీద బొబ్బ. పిన్నిని తిట్టుకున్నాను గానీ, చాలా ఏళ్ల తర్వాత ఆసుపత్రిలో విన్నప్పుడు ఆశ్చర్యపోయాను: బావంచాల్లో ఉండేది సొరాలెన్ అనే పదార్థమే. దాని మాత్ర వేసి, తర్వాత కొలత ప్రకారం యూవీఏ అనే అతినీలలోహిత కాంతి కొట్టే వైద్యం 1970ల నుంచి ఉంది, దాన్ని పూవా అంటారు, నాకొచ్చిన ఈ జబ్బుకి కూడా వాడతారు. పిన్ని దారి పూర్తిగా తప్పేం కాదు, కొలతే లేదు.

బొబ్బ చూపించడానికి శ్రీకాకుళం వెళ్తే అక్కడ డాక్టరు అన్ని మచ్చలూ చూసి, దూది ముక్కని పురిలాగ తిప్పి, నన్ను కళ్లు మూసుకోమని, ఒక్కో మచ్చ మీద తాకిస్తూ "తెలుస్తోందా?" అని అడిగాడు. ఆయన ఏం వెతుకుతున్నాడో నాకు అర్థమైంది. పాలిపోయిన మచ్చ, అందులో స్పర్శ లేకపోతే దానికి మన వైపు ఒకటే పేరు. మా అత్తమ్మ ఆ పేరు కూడా పలకదు, "పెద్దరోగం" అంటుంది. ఆ వేళ ఇంటికొచ్చాక "ఏటన్నాడే డాక్టరు, సాలూరు పంపిస్తాడేటి?" అని ఒకటే అడగడం. సాలూరులో కుష్ఠు ఆసుపత్రి ఉంది కదా, పాతకాలం వాళ్లకి సాలూరంటే అదే. స్పర్శ అన్నిచోట్లా ఉంది. కుష్ఠు కాదన్నాడు. కుష్ఠు కానందుకు సంతోషపడ్డాను, అదైతే ఏడాదిలోపు మాత్రలతో నయమైపోయే జబ్బని ఇప్పుడు తెలుసు గనక ఆ సంతోషం తల్చుకుంటే నవ్వొస్తుంది.

కుష్ఠు కాదు, బొల్లి కాదు, సోరియాసిస్ కూడా కాకపోవచ్చు, ముక్క తీసి చూద్దాం అన్నాడు. మొదటి బయాప్సీలో "స్పాంజియోటిక్ డెర్మటైటిస్" అని వచ్చింది, అంటే ఎగ్జిమాలాంటి చర్మపు వాపు అని అర్థమట. రెండోది కూడా ఎటూ తేల్చలేదు. విశాఖపట్నం పంపించారు. అక్కడి డాక్టరమ్మ రిపోర్టులు పక్కన పెట్టి అడిగిన మొదటి ప్రశ్న "ఏం రాస్తున్నారు?" అని. ట్యూబు చూపించాను. ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి ఒక నిట్టూర్పు విడిచింది. స్టెరాయిడ్ రాస్తూ ఉంటే చర్మంలో చేరిన చెడ్డ కణాలు తాత్కాలికంగా తగ్గిపోతాయి, అప్పుడు ముక్క తీస్తే మైక్రోస్కోపు కింద దొంగ దొరకడు. నెల రోజులు ఏమీ రాయకుండా రమ్మంది. ఆ నెల మచ్చలు బాగా తేలాయి. మూడో బయాప్సీ, దాని మీద సీడీ3, సీడీ4, సీడీ7, సీడీ8 అని కణాల మీది గుర్తులకి రంగులేసి చూసే పరీక్షలు. అప్పుడు తేలింది.

మైకోసిస్ ఫంగాయిడిస్.

పేరు వినగానే మా ఆయన మొహం వెలిగిపోయింది. "ఫంగసేనండీ? మరి మేం మొదటినుంచీ తామర మందే కదా రాస్తున్నాం" అన్నాడు. పాపం. దానికీ ఫంగస్‌కీ సంబంధమే లేదు. 1806లో పారిస్‌లో అలిబేర్ అనే వైద్యుడు ముదిరిపోయిన ఒక రోగి ఒంటి మీద గడ్డలు పుట్టగొడుగుల్లా ఉన్నాయని ఆ పేరు పెట్టాడు, రెండొందల ఏళ్లుగా అదే నడుస్తోంది, మనలాంటివాళ్లని తప్పుదారి పట్టిస్తూనే ఉంది. ఇది లింఫోమా, తెల్లరక్తకణాల్లో టీ కణాలనే రకానికి వచ్చే క్యాన్సర్. చర్మాన్ని కాపలా కాయడానికి వచ్చిన టీ కణాల్లో ఒకటి దారి తప్పి, తనలాంటివాటినే పెంచుకుంటూ చర్మం పైపొరల్లో కాపురం పెట్టేస్తుంది. అంటువ్యాధి కాదు. చామనఛాయ, నలుపు చర్మం వాళ్లలో ఎర్రమచ్చల బదులు ఇలా పాలిపోయిన మచ్చలుగా రావడం మామూలేనట, అందుకే మన దగ్గర బొల్లి అనో కుష్ఠు అనో పొరబడతారు.

క్యాన్సర్ అన్న మాట తర్వాత ఆవిడ చెప్పినవేవీ ఆ రోజు నా చెవికెక్కలేదు. రెండోసారి వెళ్లినప్పుడు మా అబ్బాయిని తీసుకెళ్లాను, వాడు కాగితం మీద రాసుకున్నాడు. చంకల్లో, గజ్జల్లో గడ్డలున్నాయేమో తడిమి చూశారు, లేవు. రక్తంలో చెడ్డ కణాలు లేవు. వేళ్లతో సహా మన అరచేయి మన ఒంటి మీద సుమారు ఒక శాతం, నా మచ్చలన్నీ కలిపితే నాలుగు అరచేతులు. పది శాతం లోపు ఉంటే 1ఎ దశ అంటారు. ఈ దశలో ఉన్నవాళ్ల ఆయుష్షు, ఈ జబ్బు లేని అదే వయసువాళ్ల ఆయుష్షుతో దాదాపు సమానమని డాక్టరమ్మ చెప్తే మావాడు ఆ వాక్యం కింద రెండు గీతలు గీశాడు. ఆ కాగితం ఇప్పటికీ బీరువాలో ఉంది. ఇంట్లో అత్తమ్మకి మాత్రం "రాచపుండు" అన్న మాట చెవిన పడనివ్వలేదు, చర్మం జబ్బు అని ఊరుకున్నాం, అదీ అబద్ధం కాదు కదా.

ఈ దశలో కీమో అక్కర్లేదు, చర్మానికే వైద్యం. గట్టి స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్ సరైన పద్ధతిలో రాయడం ఒకటి (అవును, అదే స్టెరాయిడ్, కాకపోతే ఏం జబ్బో తెలిశాక). రెండోది, ట్యూబులైట్లు నిలువునా పేర్చిన బీరువాలాంటి కేబిన్లో బట్టలిప్పి నిలబడి 311 నానోమీటర్ల నేరోబ్యాండ్ యూవీబీ కాంతి తీసుకోవడం. దీన్నే ఎక్కువమందికి ఇస్తారు. మూడోది ఎక్సైమర్ లేజర్. డాక్టరమ్మ ఒక విషయం దాచకుండా చెప్పింది: ఈ మిషన్ కొన్నది బొల్లి కోసం, సోరియాసిస్ కోసం. ఈ లింఫోమాకి దీన్ని వాడి చూసినవి చిన్న చిన్న గుంపుల మీదే, కేబిన్ కాంతికి ఉన్నంత అనుభవం దీనికి లేదు. కానీ నా మచ్చలు నాలుగే, పల్చనివి, అందులో రెండు మడతల్లో ఉన్నాయి, అక్కడికి కేబిన్ వెలుతురు సరిగ్గా వెళ్లదు, నాలుగు మచ్చల కోసం ఒళ్లంతా కాల్చుకోవడం ఎందుకు అంది. అప్పుడే నేను అడిగాను, ఎంత మేర కోస్తారని.

కొయ్యరు. ఇది వెలుతురు, అంతే. 308 నానోమీటర్లు, కంటికి కనపడదు. జీనాన్, క్లోరిన్ అని రెండు వాయువులు, జీనాన్ మామూలుగా దేనితోనూ పొత్తు పెట్టుకోదు. మిషన్లో కరెంటు కొట్టినప్పుడు మాత్రం ఆ రెండూ క్షణంలో కోటో పదికోట్లో వంతు జంట కడతాయి, విడిపోతూ ఈ వెలుతురు వదులుతాయి. ఆ వెలుతురు చర్మం పైపొరల్లో ఉన్న టీ కణాల డీఎన్ఏని దెబ్బకొడితే అవి తమంతట తామే చచ్చిపోతాయి. మామూలు చర్మకణాలు ఆ దెబ్బకి కొంచెం ఎక్కువ ఓర్చుకుంటాయి, ఆ తేడా మీదే ఈ వైద్యమంతా నడుస్తుంది. లోతుకి వెళ్లదు కాబట్టి మందంగా దళసరెక్కిన మచ్చలకి, గడ్డలకి ఇది పనికిరాదు.

లేజరంటే కొయ్యడమే అనుకోవడంలో మన తప్పేమీ లేదు. ఇదే కుటుంబంలో 193 నానోమీటర్లది ఒకటుంది, ఆర్గాన్ ఫ్లోరైడ్‌ది, కళ్లద్దాలు తీసేయడానికి కంటి పొర చెక్కేది దానితోనే. దానికి దారి వేసినవాళ్లలో ఒకాయన మన మద్రాసులో పుట్టిన రంగస్వామి శ్రీనివాసన్. 1981లో ఐబీఎం కంపెనీలో, పండగ భోజనంలో మిగిలిన టర్కీ కోడి మాంసం మీద ఆ లేజర్ కొట్టి చూస్తే చుట్టుపక్కల కాలకుండా శుభ్రంగా తెగిందట. మిగిలిన కూరతో ప్రయోగం చేశాడంటే మనవాడే అనిపించింది నాకు.

మొదటి రోజు వైద్యమేమీ చెయ్యలేదు. పిరుదు మీద మంచి చర్మం చూసి చిన్న చిన్న గళ్లుగా, ఒక్కో గడిలో ఒక్కో మోతాదు కాంతి కొట్టి, రేపు రండి చూస్తాం అన్నారు. ఏ గడి ఎర్రబడిందో చూసి అక్కడి నుంచి లెక్క మొదలెడతారు. రేపు రమ్మంటే పలాస వెళ్లి రావడం కుదిరే పనేనా, గాజువాకలో మా ఆడపడుచు ఇంట్లో పడుకున్నాం. రాత్రి ఆవిడ ఏ పరీక్షని అడిగితే చెప్పలేక, చూపించలేక నానా అవస్థ.

ఆ తర్వాత వారానికి రెండుసార్లు, మంగళవారం, శుక్రవారం. రెండు సిట్టింగుల మధ్య కనీసం 48 గంటలుండాలి. తెల్లవారుజామున పలాసలో పాసింజరు ఎక్కితే పూండి, నౌపడ, కోటబొమ్మాళి, తిలారు, ఆమదాలవలస, పొందూరు, చీపురుపల్లి, విజయనగరం, కొత్తవలస, అలా అన్ని ఊళ్ల పేర్లూ చదువుకుంటూ విశాఖ చేరి, ఆటో ఎక్కి, చీటీ తీసుకుని, కూర్చుని, పిలిస్తే లోపలికెళ్లి, నల్ల కళ్లజోడు పెట్టుకుని పడుకుంటే ఆ అమ్మాయి రెండు సెంటీమీటర్ల చదరం ఉండే గొట్టం మూతిని మచ్చ మీద ఆనించి టక్ టక్‌మని కొట్టుకుంటూ జరుపుతుంది, నేల మీద గళ్ల ముగ్గు వేసినట్టు. నాలుగు మచ్చలకీ కలిపి నాలుగు నిమిషాలు. అంతే. మళ్లీ ఆటో, మళ్లీ రైలు. నాలుగు నిమిషాల పనికి పద్నాలుగు గంటలు. కేబిన్ వైద్యానికి ఇంతకన్నా ఎక్కువసార్లు రావాలన్నారు, అందుకే దీనికే మొగ్గాను. నొప్పేమీ లేదు. కొడుతున్నప్పుడు గోరువెచ్చగా ఉంటుంది, సాయంత్రానికి ఎండలో చేలో పనిచేసి వచ్చినట్టు చిరచిరమంటుంది. మచ్చ చుట్టూ చర్మం నల్లబడింది, చాలా నెలలు అలాగే ఉంది. భయపెట్టే విషయమేమీ లేని వైద్యం, విసుగే దీని అసలు బాధ. ఫ్యాక్టరీలో వారానికి రెండు రోజులు సెలవు ఎవరిస్తారు? ఆదివారాలు వచ్చి లెక్కలు పూర్తి చేశాను, సగం జీతం కోసుకున్నారు. కోత అంటే అదీ, ఆ కోత మాత్రం జరిగింది.

పదిహేనో పదహారో సిట్టింగ్ అయ్యేసరికి తొడ మీది మచ్చలో ముడత పోయింది. అప్పుడే తిత్లీ తుఫాను వచ్చింది. 2018 అక్టోబర్ 11, పలాస దగ్గరే తీరం దాటింది. జీడిచెట్లు, కొబ్బరిచెట్లు వేళ్లతో సహా పడిపోయాయి, పాతికేళ్ల తోటలు ఒక్క రాత్రిలో. కరెంటు లేదు, మంచినీళ్లు లేవు, ఫ్యాక్టరీ షెడ్డు రేకులు ఎగిరి రోడ్డు మీద పడ్డాయి. ఇక లేజర్ ఎవడిక్కావాలి. నాలుగు వారాలు వెళ్లలేదు. ఆ బురదనీళ్లలో తిరిగి జ్వరమొస్తే మా వీధి డాక్టరు డాక్సీసైక్లిన్ రాశాడు, అది వేసుకుంటూనే మళ్లీ విశాఖ వెళ్లాను. మధ్యలో గ్యాప్ వచ్చింది గనక వాళ్లు మోతాదు తగ్గించే కొట్టారు. మందులేమైనా వాడుతున్నారా అని అడిగితే ఏమీ లేదన్నాను, జ్వరం మాత్ర కూడా ఒక మందేనా అనుకుని. ఆ మాత్ర చర్మాన్ని వెలుతురుకి ఓర్వకుండా చేస్తుందట. రాత్రికి నడుం దగ్గర పెద్ద నీటిబొబ్బ. తప్పు నాదే. ఇలాంటి వైద్యంలో ఉన్నవాళ్లు తలనొప్పి మాత్రతో సహా చెప్పండి, అంతకన్నా ఏం చెప్పను.

మా అత్తమ్మకి ఈ వైద్యం వెలుతురుతో అని తెలిశాక ఇక ఆగలేదు. "సూర్యుడు సెయ్యలేందా మిషను సేసీది? అరసవల్లి మొక్కుకుంటే అయిపోను కదా, ఇన్నిసార్లు రైలెక్కీ బదులు" అంది. శ్రీకాకుళం జిల్లాలో చర్మం జబ్బంటే ఎవరి నోటైనా ముందొచ్చేది అరసవల్లే. మార్చిలో, అక్టోబర్లో పొద్దుటి కిరణాలు సూర్యనారాయణస్వామి పాదాల మీద పడే రోజుల్లో ఎంత జనమో. నేను వెళ్లాను, రథసప్తమికి కూడా వెళ్లాను, నమ్మకం లేక కాదు. కానీ డాక్టరమ్మని అడిగేశాను, అత్తమ్మ మాటలో న్యాయముంది కదా అని. ఎండలో ఈ 308 కూడా ఉంటుంది, దానితోపాటు అవసరం లేనివి కూడా ఉంటాయి, ఎంత పడిందో లెక్క ఉండదు, అక్కర్లేని చర్మం కాలుతుంది అంది. అత్తమ్మకి ఇంటికొచ్చి "స్వామి వెలుతురే, కాటాలో తూచి ఇస్తున్నారు" అని చెప్పాను. జీడిపప్పు వ్యాపారం ఇంట్లో అది వెంటనే అర్థమైంది.

2019 జనవరికి మచ్చలన్నీ తగ్గాయి. మళ్లీ ముక్క తీసి చూశారు, ఏమీ లేదు. "పోయిందా అండీ?" అంటే "అణిగింది" అంది డాక్టరమ్మ, ఆ మాటే వాడింది. 2021లో పిరుదు మీద పాత చోటునే రూపాయి బిళ్లంత మళ్లీ వచ్చింది. ఈసారి కంగారు పడలేదు, ఆయింట్‌మెంటు, ఎనిమిది సిట్టింగులు, అణిగింది. ఇప్పుడు ఆర్నెల్లకోసారి చూపించుకుంటాను. నెలకోసారి స్నానాలగదిలో తలుపేసుకుని, చేతిలో అద్దం పెట్టుకుని, వెనకా ముందూ అన్నీ చూసుకుంటాను. యాభై రెండేళ్ల వయసులో ఇదేం సింగారమే అని నాకు నేనే అనుకుంటాను.

ఇదంతా ఆ శనివారం ఆవిడకి ఇంత వివరంగా చెప్పలేదు. కొయ్యరు, కాంతి కొడతారు అని మాత్రం చెప్పాను. ఆవిడ వెళ్లకుండా అక్కడే నిలబడింది. నడుం దగ్గర చీర తప్పించి చూపించింది, అరచేయంత పాలిపోయిన మచ్చ, బొందు కట్టే చోటే. ఎన్నాళ్లనుంచని అడిగితే రెండేళ్లంది. చాలామందికి ఇది తామరో బొందు ఒరిపిడో అయ్యుంటుంది, నువ్వేం బెంగెట్టుకోకు, కానీ చర్మం డాక్టరుకి చూపించు, నేనూ వస్తాను అన్నాను. చూపించేదాకా ఏమీ రాయకు అన్నాను.

ఆవిడ చేతిసంచీలోంచి ఒక ట్యూబు తీసి నా టేబుల్ మీద పెట్టింది. నాకు బాగా తెలిసిన ట్యూబే. సగం దాకా చుట్టేసి ఉంది.